విమాన ప్రమాద విచారణ పైలట్ దగ్గరే ఆగిపోకూడదు: పౌర విమానయాన శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఉన్నతాధికారులకు, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ అధికారులకు,

నమస్కారం.

కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి ఏం చూస్తాడు, చూసినదాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు, యంత్రం చేస్తున్న పనికీ మనిషి అది చేస్తోందనుకునే పనికీ మధ్య తేడా ఎక్కడ మొదలవుతుంది అన్నవి నా వృత్తిలోని ప్రశ్నలు. ఈ వృత్తిని కాగ్నిటివ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ అంటారు. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, పై చదువులకు అమెరికా వెళ్లి, విమానయాన హ్యూమన్ ఫ్యాక్టర్స్, అంటే యంత్రంతో పనిచేసే మనిషి తీరు గురించిన పరిశోధనలోనే ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఈ లేఖను ఇంగ్లీషులో కాక తెలుగులో రాయడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఈ శాఖ బాధ్యతను ఇప్పుడు శ్రీకాకుళం నుంచి ఎన్నికైన మీరు మోస్తున్నారు. రెండోది, నేను చెప్పబోయే పనికి కావలసిన పిల్లలు మన కాలేజీల్లోనే చదువుకుంటున్నారు, వారి తల్లిదండ్రులు కూడా ఇది చదవాలని నా కోరిక.

అడగదలచుకున్నది ముందే చెబుతాను. డీజీసీఏలోనూ ఏఏఐబీలోనూ ఈ విద్యలో శిక్షణ పొందిన నిపుణులకు శాశ్వత ఉద్యోగాలు ఉండాలి. ప్రతి పెద్ద దర్యాప్తులోనూ వారు మొదటి రోజు నుంచీ సభ్యులుగా ఉండాలి. పైలట్లు, కంట్రోలర్లు, మెయింటెనెన్స్ ఇంజనీర్లు తమకు ఎదురైన చిక్కును భయం లేకుండా రాసి పంపుకునే వ్యవస్థ, శిక్షించే అధికారం లేని సంస్థ చేతిలో ఉండాలి. ఇవి ఎందుకు అవసరమో చెప్పాలంటే మన దేశంలోనే జరిగిన ఒక ప్రమాదాన్ని కాస్త నిదానంగా చూడాలి.

1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి బెంగళూరు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 విమానం రన్‌వేకు చేరకముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకి, కాలిపోయింది. విమానంలో ఉన్న 146 మందిలో 92 మంది చనిపోయారు. పట్టపగలు, వాతావరణం అనుకూలం, ఇంజన్లలో లోపం లేదు, విమానం కొత్త ఎయిర్‌బస్ ఏ320, మన దేశానికి వచ్చి ఎంతోకాలం కాలేదు. ఎడమ సీటులోని పైలట్ కెప్టెన్ హోదా కోసం పరీక్షలో ఉన్నాడు, కుడి సీటులో పరీక్షించే కెప్టెన్ ఉన్నాడు. దిగే దశలో నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగేలా అమర్చాలన్న మాట ఇద్దరి మధ్యా వచ్చింది. ఆ కాక్‌పిట్‌లో విమానం ఏ ఎత్తుకు చేరాలో చెప్పే గుండీ, ఏ వేగంతో దిగాలో చెప్పే గుండీ ఒకే ప్యానెల్ మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. దిగే వేగం బదులు చేరాల్సిన ఎత్తు 700 అడుగులుగా నమోదై ఉండవచ్చన్నది విచారణలో ముందుకొచ్చిన బలమైన వివరణ. బెంగళూరు పాత విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉంది. అంటే నేలకు రెండు వేల అడుగుల లోపలికి వెళ్లమన్న ఆదేశం అది. ఆ ఆదేశాన్ని యంత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా తీసుకుంది.

విమానం అప్పుడు ఓపెన్ డిసెంట్ అనే మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో ఇంజన్లు ఐడిల్‌లోనే, అంటే కనీస శక్తితోనే ఉంటాయి, వేగాన్ని నిలబెట్టడానికి అవి శక్తిని పెంచవు. దిగే వేగాన్ని పట్టుకునే మోడ్‌లో అయితే ఇంజన్ల శక్తిని సర్దే ఆటోథ్రస్ట్ వ్యవస్థ తానే విమాన వేగాన్ని కాపాడుతుంది. ఈ రెండిటిలో ఏది నడుస్తోందో పైలట్‌కు చెప్పేది ఎదురుగా ఉన్న తెర పైభాగంలో కొన్ని అక్షరాల చిన్న వరుస మాత్రమే. కంట్రోల్ స్టిక్ కదలదు, థ్రస్ట్ లీవర్లు కదలవు, చేతికి ఏ కబురూ అందదు. వేగం తగ్గిపోతూ వచ్చింది. ఇంతసేపూ ఐడిల్ ఓపెన్ డిసెంట్‌లోనే దిగుతున్నామన్న మాట వాయిస్ రికార్డర్‌లో వినిపించేసరికి విమానం నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులోనే ఉంది. ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి ఇంజన్లకు కొన్ని సెకన్లు కావాలి, ఆ సెకన్లు వారికి మిగల్లేదు.

పరిస్థితి తీవ్రతను పైలట్లు సకాలంలో గుర్తించలేదన్నది విచారణ తేల్చిన ప్రధాన విషయం. అది నిజమే. నా వృత్తిలో ఉన్నవారి పని సరిగ్గా ఆ వాక్యం ముగిసిన చోట మొదలవుతుంది. అనుభవమున్న ఇద్దరు పైలట్లు, ప్రాణాలు తమ చేతుల్లోనే ఉన్నాయని తెలిసినవారు, పట్టపగటి వెలుగులో ఎందుకు గుర్తించలేకపోయారు? వారి కళ్ల ముందు ఆ సమాచారం ఏ రూపంలో ఉంది? పాత విమానాల్లో చేతికి తగిలే థ్రాటిల్ కదలికను బట్టి తెలుసుకున్న సంగతిని, కొత్త విమానంలో ఏ అక్షరాన్ని చదివి తెలుసుకోవాలో వారికి ఎంతకాలం నేర్పారు? ఆ ప్రశ్నలకు జవాబు దొరికితే తరవాతి విమానం బతుకుతుంది. దొరక్కపోతే అదే తప్పు వేరే ఊళ్లో, వేరే పేర్లతో మళ్లీ జరుగుతుంది.

జరిగింది కూడా. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్ ఇంటర్ 148 విమానం కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. అదీ ఏ320యే. ఒకే గుండీ, ఒకే చిన్న కిటికీ, దానికి రెండు అర్థాలు. ఒక మోడ్‌లో 3.3 అంటే 3.3 డిగ్రీల కోణంలో దిగడం. ఇంకో మోడ్‌లో 33 అంటే నిమిషానికి 3,300 అడుగుల చొప్పున పడిపోతున్నట్టు దిగడం. తేడా అంకెల మధ్య ఒక చుక్క. కోణం అనుకొని అడుగులు పెట్టారన్నది విచారణ సంఘం ఎక్కువగా అవకాశమున్నదిగా ఎంచిన కారణం. తరవాత ఎయిర్‌బస్ ఆ కిటికీలో దిగే వేగాన్ని నాలుగు అంకెలతో పూర్తిగా చూపేలా మార్చింది. ఎంత చిన్న మార్పు! పైలట్‌కు ఇంకా జాగ్రత్తగా ఉండమని ఎన్ని సర్క్యులర్లు పంపినా రాని భద్రత ఆ రెండు సున్నాలతో వచ్చింది.

ఈ శాస్త్రం మొన్న పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్లు నేలకు దిగాక వాటి పైలట్లు ఫ్లాపులు (రెక్కల వెనక కిందికి వాలే పలకలు) మూయబోయి చక్రాలు లోపలికి ముడిచేసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి చూస్తే రెండు లీవర్లూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. ఒకదాని చివర చిన్న చక్రం, రెండోదాని చివర రెక్క ఆకారం బిగిస్తే ఆ పొరపాటు దాదాపు ఆగిపోయింది. ఇవాళ మనం ఎక్కే ప్రతి పెద్ద విమానంలోనూ ఆ ఆకారాలు నిబంధన ప్రకారమే ఉంటాయి. 1947లో ఓహాయోలోని రైట్ ఫీల్డ్‌లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ పైలట్ల తప్పులుగా నమోదైన 460 అనుభవాలను పరిశీలించి, వాటిలో చాలావాటి మూలం పరికరాల అమరికలో ఉందని చూపించారు. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక దీపం వాల్వు మూసుకుందని ఆపరేటర్లను నమ్మించింది. నిజానికి ఆ దీపం చూపింది వాల్వుకు వెళ్లిన ఆదేశాన్నే, వాల్వు స్థితిని కాదు. వాల్వు తెరిచే ఉంది. ఆ ప్రమాదం తరవాతే మనిషీ యంత్రమూ కలిసి ఆలోచించే వ్యవస్థను మొత్తంగా అధ్యయనం చేయాలన్న పట్టుదల బలపడింది. డెన్మార్క్‌లో జెన్స్ రాస్ముసెన్, ఆ తరవాత ఎరిక్ హోల్‌నాగెల్, డేవిడ్ వుడ్స్ దానికి శాస్త్ర రూపం ఇచ్చారు. మయామి విశ్వవిద్యాలయంలో ఎర్ల్ వీనర్ నాసా కోసం బోయింగ్ 757 పైలట్లతో మాట్లాడి 1989లో వెలువరించిన అధ్యయనం మా తరానికి చదువుల మొదటి మెట్టు. ఆటోమేషన్ ఉన్న కాక్‌పిట్‌లో తరచూ వినిపించే ప్రశ్నలు మూడు: ఇది ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది, తరవాత ఏం చేయబోతోంది.

ఈ వృత్తిలో రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర హ్యూమన్ ఫ్యాక్టర్స్ అంటే పైలట్లకు ఏడాదికోసారి చెప్పే క్లాసు అన్న అభిప్రాయం ఉంది. పనిలో ఎక్కువ భాగం సిమ్యులేటర్‌లో, తరచూ రాత్రివేళ జరుగుతుంది, ఎందుకంటే పగలంతా దాన్ని పైలట్ల శిక్షణకు వాడుకుంటారు. పైలట్ల వెనక చిన్న సీటులో కూర్చుంటాం. ముందే రాసుకున్న పరిస్థితి ప్రకారం ఒకానొక క్షణంలో ఆటోపైలట్ తనంతట తాను మోడ్ మారుస్తుంది. తెర మీద నాలుగు అక్షరాలు మారతాయి, వాటి చుట్టూ కొన్ని సెకన్లపాటు ఒక గడి వెలుగుతుంది. కెప్టెన్ ముఖం అటే ఉంటుంది. ఫ్లైట్ అయ్యాక అడిగితే మోడ్ చూశాననే చెబుతాడు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటాడు. కంటి కదలికల రికార్డు తిప్పి చూస్తే అతని చూపు వేగం, ఎత్తు, హెడింగు మధ్య తిరిగింది తప్ప ఆ అక్షరాల మీద నిలవలేదని తెలుస్తుంది. నాదీన్ సార్టర్, రాండల్ ముమా, క్రిస్టఫర్ వికెన్స్ 20 మంది బోయింగ్ 747-400 పైలట్లతో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం ఇదే చూపించింది. ఎదురుచూడని మోడ్ మార్పులను అనుభవజ్ఞులైన పైలట్లు కూడా చాలాసార్లు గమనించలేదు. చూడడం వేరు, గమనించడం వేరన్న సంగతి మనకు ఇంట్లో కూడా తెలుసు. కానీ దాన్ని కొలిచి, ఏ తెరలో ఎక్కడ ఏ మార్పు చేస్తే గమనింపు పెరుగుతుందో రుజువు చేసి, డిజైన్ ఇంజనీర్ల ముందు పెట్టడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఏళ్ల శ్రమ అంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: మా మాట డ్రాయింగులు ఖరారయ్యేముందు చేరిందా, తరవాత చేరిందా. తరవాత చేరితే సమాధానం ఎప్పుడూ ఒకటే, పైలట్లకు శిక్షణలో చెబుదాం అంటారు. బోయింగ్ 737 మ్యాక్స్ విషయంలో ప్రపంచం దీనికి ఎంత మూల్యం చెల్లించిందో మీకు తెలుసు. 2018 అక్టోబరు 29న ఇండొనేసియాలో లయన్ ఎయిర్ విమానం, 2019 మార్చి 10న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం, రెండిటిలో కలిపి 346 మంది. లయన్ ఎయిర్ విమానం కెప్టెన్ ఢిల్లీ యువకుడు. ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకే ఒక సెన్సార్ మాట నమ్మి విమానం ముక్కును కిందికి నెట్టింది. అలా జరిగితే పైలట్ నాలుగు సెకన్లలో గుర్తించి సరిచేస్తాడన్న ఊహ మీద భద్రతా లెక్కలు వేశారు. ఆ క్షణంలో కాక్‌పిట్‌లో కంట్రోల్‌ను కుదిపి హెచ్చరించే స్టిక్ షేకర్ మోగుతూ, వేగం సూచీలు తేడా చూపుతూ, ఎత్తు సూచీలు తేడా చూపుతూ ఉంటాయని, ఇన్ని హెచ్చరికల మధ్య మనిషి మనసు మొదట దేన్ని పట్టుకుంటుందో పరీక్షించి చూడాలని ఆ లెక్కల్లో తగినంత పట్టించుకోలేదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2019 సెప్టెంబరులో చెప్పిన ప్రధాన సంగతి ఇదే.

మనం మ్యాక్స్‌లను నేలకు దించాం, మళ్లీ ఎగరనిచ్చాం. రెండు నిర్ణయాలూ ఎక్కువగా ఇతర దేశాల పరీక్షల మీద ఆధారపడి తీసుకోక తప్పలేదు. ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకు, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించిన దేశం మనది. ఇన్ని విమానాలు కొనే దేశానికి, తయారీదారు ముందు కూర్చొని మీ పైలట్ నాలుగు సెకన్లలో స్పందిస్తాడని ఎలా చెబుతున్నారు, మా పైలట్లతో పరీక్షించారా అని అడిగే సొంత నిపుణులు ఉండాలి. కాక్‌పిట్ పరికరాలు పైలట్ తన పొరపాటును తానే గుర్తించి సరిదిద్దుకునే వీలు కల్పించాలన్న నియమాన్ని యూరప్ ముందుగా, అమెరికా 2013లో తెచ్చాయి. నియమం కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని పట్టుకొని ప్రశ్న వేసే మనిషి బల్లకు ఇవతల ఉండాలి.

ఇక మన దేశంలోనే వెతకవలసిన సమాధానాల సంగతి. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయ్ నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది, 158 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 7 రాత్రి, మళ్లీ దుబాయ్ నుంచే, వానలో, కోజికోడ్ కొండ మీది రన్‌వే దాటి అదే సంస్థ విమానం పడి, ఇద్దరు పైలట్లతో సహా 21 మంది చనిపోయారు. రెండు దర్యాప్తు నివేదికలనూ నేను పక్కపక్కన పెట్టుకొని చదివాను. మంగళూరులో విమానం 8,000 అడుగుల రన్‌వే మీద 5,200 అడుగుల దగ్గర నేలను తాకింది. కోజికోడ్‌లో సుమారు సగం రన్‌వే అయిపోయాక తాకింది. మంగళూరులో గో అరౌండ్, అంటే దిగడం ఆపి మళ్లీ పైకి లేద్దాం అని కో-పైలట్ చెప్పాడు. కోజికోడ్‌లోనూ గో అరౌండ్ అని కో-పైలట్ చెప్పాడు. రెండుసార్లూ విమానం లేవలేదు. కోజికోడ్ నివేదిక ఒక అడుగు ముందుకు వేసి, కో-పైలట్ కంట్రోళ్లు తన చేతిలోకి తీసుకోకపోవడాన్ని కూడా ప్రమాద కారణంలో భాగంగా రాసింది.

పదేళ్ల తేడాతో రెండు కాక్‌పిట్‌లలో ఒకే మాట పలికి, ఒకే విధంగా వృథా అయింది. నన్ను ఇన్నేళ్లుగా వెంటాడే విషయం ఇది. అమెరికాలో నాసా 1979లో నిర్వహించిన సదస్సు తరవాత క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ శిక్షణ ప్రపంచమంతా వ్యాపించింది, మన దగ్గరా తప్పనిసరి. కింది స్థాయి పైలట్ నోరు విప్పాలని ఆ శిక్షణ నేర్పుతుంది, ఇక్కడి ఇద్దరూ విప్పారు. లోపించింది ఆ తరవాతి మెట్టు. చెప్పినా వినకపోతే ఎన్ని సెకన్లు ఆగాలి? ఏ మాటతో కంట్రోళ్లు తీసుకోవాలి? నేలను తాకబోతున్న విమానంలో ఇద్దరు మనుషులు ఒకే స్టీరింగు కోసం చేతులు చాచడం మరో ప్రమాదం కాదా? మనం పుట్టినప్పటి నుంచీ పెద్దవారికి ఎదురు మాట్లాడకూడదని వింటూ పెరుగుతాం, కాక్‌పిట్‌లోనూ సీనియర్‌ను సార్ అనే పిలుస్తాం. ఆ అలవాటు ఆ ఐదారు సెకన్లలో చేతిని ఎంతవరకు పట్టి ఉంచుతుందో అమెరికాలోనో ఫ్రాన్స్‌లోనో చేసిన ప్రయోగాలు చెప్పలేవు. మన పైలట్లతో, మన సిమ్యులేటర్లలో, తెలుగు, మలయాళం, హిందీ మాతృభాషగా ఉన్న మనుషులతో చేసిన ప్రయోగమే చెప్పాలి. ఆ ప్రయోగాన్ని ఒక క్రమపద్ధతిలో చేయించి, ఫలితాన్ని శిక్షణ నియమంగా మార్చే బాధ్యత ఎవరిదో నేడు స్పష్టంగా లేదు.

ఆ నివేదికల్లోనే ఇంకా చాలా ఉంది. మంగళూరు కెప్టెన్ ప్రయాణంలో ఎక్కువసేపు నిద్రపోయాడు, రెండు గంటలకు పైగా ఉన్న వాయిస్ రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలు కాక్‌పిట్‌లో సంభాషణే లేదు, నిద్ర నుంచి లేచిన వెంటనే మెదడులో ఉండే మందకొడితనాన్ని నివేదిక ప్రస్తావించింది. కోజికోడ్ కెప్టెన్ మరుసటి ఉదయం అక్కడి నుంచే మరో విమానం నడపాల్సి ఉంది, ఆ స్థావరంలో సరిపడా కెప్టెన్లు లేరు, ఎలాగైనా అక్కడే దిగాలన్న ఒత్తిడి ఆయన మనసులో ఏర్పడిందని నివేదిక భావించింది. అంటే ఆ వాన రాత్రి తీసుకున్న నిర్ణయానికి బీజం రోస్టర్, అంటే డ్యూటీల జాబితా, తయారుచేసే గదిలో పడింది. డ్యూటీ నియమాలను సవరించి వారానికి తప్పనిసరి విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచడం మంచి నిర్ణయం, దానికి డీజీసీఏను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. అయితే ఆ 48 గంటలు వచ్చాక పైలట్ల అప్రమత్తత నిజంగా ఎంత పెరిగిందో, ఏ షిఫ్టులో పెరగలేదో కొలిచి చెప్పే మనుషులు లేకపోతే, సంస్థలు సడలింపు అడిగిన ప్రతిసారీ చర్చ సిబ్బంది కొరత చుట్టూనే తిరుగుతుంది, మనిషి మెదడు గురించి మాట్లాడేవారు ఆ బల్ల దగ్గర ఉండరు.

రహస్య నివేదనా వ్యవస్థ గురించి నేను పట్టుబట్టడానికి కారణం 1974లో ఉంది. ఆ ఏడాది డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయానికి దిగబోతూ కొండను ఢీకొంది, 92 మంది ఉన్నారు, అందరూ చనిపోయారు. కంట్రోలర్ ఇచ్చిన అనుమతిని పైలట్లు తక్కువ ఎత్తుకు దిగవచ్చన్నట్టుగా అర్థం చేసుకున్నారు. దర్యాప్తులో తెలిసిన సంగతి గుండె పిండేది. ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ సిబ్బంది సరిగ్గా అక్కడే, సరిగ్గా అలాగే పొరబడి, కొద్దిలో తప్పించుకొని, తమ సంస్థకు చెప్పారు. సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక టీడబ్ల్యూఏ పైలట్లకు చేరే దారే లేదు. ఆ దారి వేయడానికే 1976లో ఏఎస్ఆర్ఎస్ అనే రహస్య నివేదనా వ్యవస్థ అమెరికాలో మొదలైంది. డబ్బు ఇచ్చేది అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, నివేదికలు అందుకునేది మాత్రం నాసా. నాసా వాటిలో పేర్లు, గుర్తులు తీసేసి, విషయాన్ని మాత్రమే విశ్లేషిస్తుంది. ఉద్దేశపూర్వకం కాని ఉల్లంఘనను పది రోజుల్లోగా రాసి పంపిన పైలట్‌కు శిక్ష నుంచి కొంత మినహాయింపు ఉంటుంది. నేరాలకు, ప్రమాదాలకు ఆ మినహాయింపు వర్తించదు. చార్లెస్ బిల్లింగ్స్ వంటి వైద్యుడు, పరిశోధకుడు దాన్ని నాసా ఏమ్స్ కేంద్రంలో నిలబెట్టారు. ఇప్పటికి పది లక్షలకు పైగా నివేదికలు అందాయి, మా వృత్తిలో ఎన్నో పరిశోధనలకు మొదటి ప్రశ్న వాటిలోంచే దొరికింది.

మన నిబంధనల్లోనూ స్వచ్ఛంద నివేదనకు చోటు ఉంది. కానీ నివేదికను అందుకునేదీ, లైసెన్సును సస్పెండ్ చేయగలిగేదీ ఒకే సంస్థ అయినప్పుడు పైలట్ కలం పట్టుకునే ముందు ఇంటి లోను గురించి ఆలోచిస్తాడు. సెలవుల్లో వచ్చినప్పుడు మన పైలట్లతో మాట్లాడుతుంటాను. దిగడంలో తడబాటు, మోడ్ పొరపాటు, కంట్రోలర్ మాట తప్పుగా వినడం వంటివి వారు నాతో ఎంతో వివరంగా, దాపరికం లేకుండా చెబుతారు. రాసి పంపారా అని అడిగితే మాట మారుస్తారు. వారి నిజాయితీలో లోపం లేదు. ఆ కాగితం ఎవరి బల్ల మీదికి వెళుతుందో వారికి తెలుసు. అందుకే ఈ బాధ్యతను బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌కో, ఒక ఐఐటీకో, ఐఐఎస్‌సీకో చట్టబద్ధమైన రక్షణతో అప్పగించమని కోరుతున్నాను.

ఇదంతా పైలట్లను వెనకేసుకు రావడం కాదా అని కొందరు అడుగుతారు, ప్రమాదాల్లో తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు అడిగితే ఆ ప్రశ్నను నేను తలవంచి వింటాను. నిర్లక్ష్యానికి, తాగి విమానం ఎక్కినవాడికి, నియమాన్ని తెలిసి తుంగలో తొక్కినవాడికి శిక్ష ఉండాలి. ఆ విషయంలో నా వృత్తికి భిన్నాభిప్రాయం లేదు. అయితే చనిపోయిన పైలట్ మీద తప్పు వేసి ఫైలు మూసేస్తే, అతను తిప్పిన గుండీ అలాగే ఉంటుంది, అతన్ని ఆ రాత్రి డ్యూటీకి పంపిన రోస్టర్ అలాగే ఉంటుంది, మరుసటి ఉదయం ఆ సీటులో ఇంకొకరు కూర్చుంటారు. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ ప్రమాద కారణాల జోలికి ఈ లేఖ వెళ్లదు, ఊహించి ఒక్క మాట కూడా రాయను. ప్రాథమిక నివేదిక వెలువడిన గంటల్లోనే టీవీ స్టూడియోల్లో ఇద్దరు పైలట్ల మనసుల్లోకి దూరి తీర్పులు చెప్పినవారిని చూసి మాత్రం బాధ కలిగింది. మనిషి ప్రవర్తనను విశ్లేషించే అర్హత గల నిపుణుడు దర్యాప్తు సంస్థ తరపున నిలబడి, ఏది తెలుసో ఏది ఇంకా తెలియదో రోజూ చెబితే ఆ ఖాళీని స్టూడియోలు ఆక్రమించవు.

నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు? కాకినాడ, వరంగల్, హైదరాబాద్ విద్యార్థులు నాకు ఉత్తరాలు రాస్తుంటారు. సైకాలజీ చదివిన అమ్మాయి, ఏరోనాటికల్ చదివిన అబ్బాయి, ఇద్దరి ప్రశ్నా ఒకటే: ఈ పని చేయాలని ఉంది, మన దేశంలో ఉద్యోగం ఎక్కడ ఉంది. బేగంపేటలో పైలట్ శిక్షణ అకాడమీ ఉంది, ఆదిబట్లలో విమాన భాగాలు తయారవుతున్నాయి, భోగాపురంలో కొత్త విమానాశ్రయం వస్తోంది, వైమానిక దళానికి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో దశాబ్దాల అనుభవం ఉంది, ఐఐఎస్‌సీలో కాక్‌పిట్ తెరల మీద, పైలట్ చూపు మీద పరిశోధన జరుగుతోంది. కానీ పౌర విమానయానంలో ఈ చదువు చదివినవారి కోసం ప్రత్యేకంగా ఒక కేడర్ ఏర్పరచి, పదవి పేరు పెట్టి, పదోన్నతి దారి చూపిన ప్రకటన ఏదీ నేను వారికి పంపలేకపోయాను. అందుకే వారిలో మంచివారు అమెరికాకు, నెదర్లాండ్స్‌కు వెళ్లిపోతారు, లేదా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యాప్‌ల తెరలు గీస్తూ ఉండిపోతారు. ఒక హ్యూమన్ ఫ్యాక్టర్స్ పరిశోధకుడు దర్యాప్తు బృందంలో సొంతంగా నిలబడగలగడానికి పీహెచ్‌డీ తరవాత కూడా కొన్నేళ్ల సిమ్యులేటర్ అనుభవం కావాలి. ఇవాళ నియామకాలు మొదలుపెడితే పదేళ్ల తరవాత మనకు నిపుణులు ఉంటారు. మనం సొంత ప్రయాణికుల విమానం తయారు చేయాలనుకుంటే, ఆ కాక్‌పిట్ గీతలు గీసే రోజుకైనా వారు సిద్ధంగా ఉండాలి.

మొదటి ఏడాదిలోనే చేయగల పని ఒకటి ఉంది. మంగళూరు, కోజికోడ్ నివేదికల్లోని చివరి రెండు నిమిషాలను సిమ్యులేటర్‌లో తిరిగి నిర్మించి, వివిధ సంస్థల నుంచి స్వచ్ఛందంగా వచ్చిన కెప్టెన్, కో-పైలట్ జంటలతో పరీక్షించి, గో అరౌండ్ మాట ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు వినబడుతుందో, కంట్రోళ్లు ఎప్పుడు చేతులు మారతాయో నమోదు చేయించండి. పాల్గొన్నవారి పేర్లు డీజీసీఏకు చేరకూడదన్న షరతును మొదటే రాతపూర్వకంగా ఇవ్వండి. ఫలితాలను ఇంగ్లీషుతో పాటు భారతీయ భాషల్లోనూ ప్రచురించండి. ప్రయోగ రూపకల్పన, కంటి కదలికల విశ్లేషణ, నాలుగు సెమిస్టర్ల ఎంటెక్ పాఠ్యప్రణాళిక ముసాయిదా, వీటిని విదేశాల్లో ఈ రంగంలో పనిచేస్తున్న భారతీయ సహచరులతో కలిసి పారితోషికం లేకుండా సిద్ధం చేసి ఇవ్వడానికి నేను ఒప్పుకుంటున్నాను. మీ కార్యాలయం నుంచి ఒక బాధ్యతాయుతమైన అధికారిని ఈ పనికి నియమిస్తే, మిగిలిన వివరాలు వారితో మాట్లాడతాను.

భవదీయురాలు,
విమానయాన హ్యూమన్ ఫ్యాక్టర్స్ పరిశోధనలో పనిచేసిన ఒక కాగ్నిటివ్ సిస్టమ్స్ ఇంజనీరు